వెంకటప్పయ్య పింగాణీ పన్ను

మా ఆయన వెంకటప్పయ్య నోరు మూసుకుని కూర్చున్నది మా పెళ్లిలో ఒక్కసారే. అప్పుడు కూడా పంతులుగారికి మంత్రం అందించబోయాడని మా పిన్ని అంటుంది.

చండ్రుగొండలో రైతుల సహకార సొసైటీ అధ్యక్షుడిగా ఐదేళ్లు వెలగబెట్టాడు. గెలిచిన కొత్తలోనే చెరుకు కొరికి ముందుపన్ను విరగ్గొట్టుకుని, ఖమ్మంలో పింగాణీ పన్ను అతికించుకొచ్చాడు. "పాతికేళ్లు కదలదు" అంటూ ఊరంతా నవ్వి చూపించాడు. ఆ నవ్వు తప్ప జనానికి ఒరిగింది సున్నా. అడవి పల్లెలకు కట్టిస్తానన్న ఎరువుల గోదాము పునాది గుంతలో మేకలు నీళ్లు తాగుతున్నాయి.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆయన ఓడిపోతే గండం నాకు. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని, పప్పులో ఉప్పు దగ్గర్నుంచి పార్లమెంటు దాకా నాకే ఉపన్యాసాలు! ఎలాగైనా గెలిపించమని భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాను.

ప్రచారానికి అడవి అంచు పల్లెకి నేనూ వెంట వెళ్లాను. అక్కడ వానాకాలంలో ఎవరొచ్చినా కాల్చిన మక్కకంకి చేతిలో పెడతారు. తినకపోతే వాళ్లని అవమానించినట్టే. ఊరి పెద్ద పగిడయ్య కంకి ఇచ్చాడు. మా ఆయన కొరుకుతూనే, "ఈసారి గోదాముతో పాటు..." అని ఎత్తుకున్నాడు. పన్ను ఊడొచ్చి గింజల మధ్య ఇరుక్కుంది. పిల్లలు పడీపడీ నవ్వారు.

"తినేటప్పుడన్న ఊకుండు సారూ" అన్నాడు పగిడయ్య.

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే ఖమ్మం పరుగెత్తాం. డాక్టర్ శ్యామల మా ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది.

"అప్పుడు పన్ను అతికిస్తుంటే పత్తి రేటు గురించి ఉపన్యాసమిచ్చినాయన మీరే కదూ? అతికించేటప్పుడు పన్ను పొడిగా ఉండాలండీ. మాట్లాడొద్దు, ఉమ్మి తగులుతుందని ఎంత మొత్తుకున్నా విన్లేదు. అప్పటికి అతుక్కున్నట్టే ఉంటుంది గానీ, ఏళ్లు గడిచేకొద్దీ వదులైపోతుంది. పింగాణీకేం కాలేదు, మీ పన్నుకీ ఏం కాలేదు. తప్పంతా మీ వాగుడిదే."

ఈసారి ఆయన నోటికి రబ్బరు గుడ్డ బిగించి మరీ అతికించింది. మహాతల్లి, ఆమె చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది. బయటికొచ్చి, "గట్టివి కొరక్కుండా చూడండి. మాట్లాడొచ్చు" అంది నాతో.

నేను లోపలికెళ్లి, "మాట్లాడితే ఊడిపోతుందట. ఓట్లయ్యేదాకా నోరు తెరవొద్దంది" అని చెప్పాను. ఆయన బిక్కమొహం వేశాడు.

ఇక చూడండి! ఊరూరా తిరిగి దణ్ణం పెట్టడమే తప్ప కిక్కురుమనలేదు. పోటీలో ఉన్న సమ్మయ్య గోదాము, బోరు, ట్రాక్టరు అంటూ ఆకాశాన్ని కిందికి దింపాడు. తీరా ఓట్లు లెక్కపెడితే మా ఆయనే గెలిచాడు.

నాకే నమ్మబుద్ధి కాలేదు. పగిడయ్యని పట్టుకుని, "ఆయనకెందుకు వేశారయ్యా?" అని అడిగాను.

"పోయినసారి గన్ని చెప్పిండు, ఒక్కటి చేయలే. ఈసారి ఏం చెప్పలే. ఏమన్న చేస్తడేమోనని మా పల్లెంత ఏసినం."

ఇంతలో మెడలో దండతో మా ఆయన మైకు అందుకున్నాడు. "గోదాము ఒక్కటేనా! పల్లెపల్లెకీ ధాన్యం మిల్లు..."

పగిడయ్య మొహం వాడిపోయింది. నా పక్కకి జరిగి మెల్లగా అడిగాడు. "అమ్మా, గా పన్ను మళ్ల ఎప్పుడు ఊడుతది?"

"ఈసారి గట్టిగా అతికించిందయ్యా" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ నాకు.