నవ్వితే దిండు పట్టుకో

పూతలపట్టు క్రాసులో రెబెకా ఇడ్లీ బండి నడిపేది. ఆమె నవ్విందంటే బస్సు కోసం నిలబడినవాళ్లంతా ఇటు తిరిగేవాళ్లు. రెండో కాన్పు తర్వాత ఆమె బొడ్డు నిమ్మకాయంత ఉబ్బింది. దగ్గినా నవ్వినా పొడుచుకొచ్చేది, పడుకుంటే అణిగేది. సిగ్గేసి చీర పైకి కట్టుకుని ఏళ్లు నెట్టుకొచ్చింది. ఆపరేషన్ మాటెత్తితే అత్త తాయమ్మ కసురుకునేది. "బొడ్డుకు కూడా కత్తి పెడతారా మే? ఊరుకో!"

ఒక పొద్దున పిండి గిన్నె ఎత్తుతుంటే రెబెకాకు కడుపులో కలుక్కుమంది. ఉబ్బు రాయిలా గట్టిపడి ఎంత ఒత్తినా లోపలికి పోలేదు. వాంతి కూడా అయింది. భర్త జోయల్ ఆమెను తన ఆటోలో కూర్చోబెట్టుకుని చిత్తూరులోని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టర్ ప్రశాంతి చూడగానే, "పేగు ఇరుక్కుపోయింది. ఆలస్యం చేస్తే కుళ్లిపోతుంది" అంది. ఆపరేషన్ అయ్యేదాకా జోయల్ బయట గోడకు ఆనుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాడు.

"పేగుకేమీ కాలేదు. లోపలికి నెట్టి, కంత మూసి, మళ్లీ రాకుండా వలలాంటి జాలీ పెట్టి కుట్టాం" అని డాక్టర్ చెప్పినప్పుడు అతనికి ఏడుపొచ్చేసింది.

మర్నాడు నర్సు రెబెకా చేతికి దిండు ఇచ్చింది. "దగ్గొచ్చినా, నవ్వొచ్చినా పొట్టకు అదుముకో."

అంతే, పొద్దున బండి నడిపి వచ్చిన జోయల్ మంచం పక్కన కాపలా కూర్చున్నాడు. చూడవచ్చిన వాళ్లందరికీ, "నవ్వించొద్దప్పా, కుట్లుండాయి" అని ముందే చెప్పాడు. పక్క టీకొట్టు పెంచలయ్య బుద్ధిగా తలూపి లోపలికొచ్చాడు.

"ఈ పొద్దు బండికాడ జోయలే ఇడ్లీలు పోసినాడు. ఒకటి కుక్కకేసినాను. నోట కరుసుకోని మళ్లీ తెచ్చి నా కాళ్లకాడే పెట్టినాది."

రెబెకా దిండు అదుముకుంది. నొప్పికి కళ్లలో నీళ్లు, నోట్లో నవ్వు. "అయ్యో, పొమ్మను, ఈయన్ను బయటికి పొమ్మను!"

అందరూ నవ్వుతుంటే మంచం కాళ్ల వైపు కూర్చున్న తాయమ్మ మాత్రం నవ్వలేదు. పెంచలయ్య వెళ్లాక కోడలి దగ్గరికి జరిగింది.

"శానా నొప్పిగా ఉండాదా?"

"నవ్వితేనే అత్తా."

తాయమ్మ అటూ ఇటూ చూసి, జోయల్‌ను టీ తెమ్మని పంపేసి, నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పింది. రూపాయి బిళ్ల జారి మంచం మీద పడింది. బిళ్ల కింద ఇన్నాళ్లూ అణిచిపెట్టిన బొడ్డు ఉసిరికాయలా లేచి ఉంది.

"జోయల్‌ను కన్నప్పట్నించీ ఉండాది మే. యెవరితో సెప్పుకునేది?"

రెబెకా అత్త చెయ్యి పట్టుకుంది. వెంటనే తనే నర్సును కేకేసింది.

"ఇరుక్కోకముందే వచ్చావు, మంచిపని చేశావమ్మా" అంది డాక్టర్ తాయమ్మను పరీక్షించి. నెల తిరిగాక తాయమ్మకూ ఆపరేషన్ అయింది. తెలివి రాగానే ఆమె అడిగిన మొదటి మాట:

"డాక్టరమ్మా, నాటుకోడి పులుసు ఎప్పట్నించి తినొచ్చు?"