ఆరబోసిన నెత్తురు

తప్పంతా ఆ భానుశ్రీది, ఎవరేమన్నా సరే ఆమెదే, నెలనెలా మొదటి ఆదివారం చర్చి వరండాలో తెల్లకోటు వేసుకుని కూచుని, వేలు గుచ్చి, మిషన్లో అంకె చూసి, వెరీ గుడ్ అంకుల్, షుగరు భలే కంట్రోల్లో పెట్టారండీ అని నవ్వకపోతే మరియదాసు కాలు ఇవాళ ఇలా తయారయ్యేదా, బెజవాడ నుంచి వ్యానులో వచ్చే డాక్టరు చదువు పిల్లలు, ఉచితంగా చూస్తారు గనక ఏమీ అనకూడదు, కానీ ఆరో తరగతిలో పలక పడేసి గేదెల వెంట పోయినవాణ్ణి పట్టుకుని అంత చదివే పిల్ల వెరీ గుడ్ అనొచ్చా, ఆ మాట మళ్లీ వినడానికి తను పడ్డ పాట్లు ఆమెకేం తెలుసు, శుక్రవారం నుంచే అన్నం బంద్, మజ్జిగ నీళ్లే, నెలంతా ముట్టని మాత్ర ఆ రెండు రోజులూ పద్ధతిగా, ఇందులో మోసమేముంది, ధాన్యం కొనేవాడు తేమ చూసే మిషను తెస్తున్నాడంటే ముందు రెండెండలు రోడ్డు మీద ఆరబోయని రైతు ఈ కంకిపాడు చుట్టుపక్కల ఉన్నాడా, నెత్తురైనా అంతే, మిషను ముందుకి తడిగా పట్టుకెళ్లేవాడు వెర్రివాడు.

ఇప్పుడామె లేదు, చదువైపోయి వెళ్లిపోయిందట, ఆ కుర్చీలో పవన్‌కుమార్ అట, మీసాలైనా సరిగ్గా మొలవనివాడు, అంకె చూసి బాగానే ఉందండీ అంటూనే ముక్కు ఎగబీల్చాడు, ఏంటండీ ఈ వాసన, కాలికున్న ఆ గుడ్డ విప్పండి, ఏం లేదు బాబూ, నారుమడిలో నత్తగుల్ల గీరుకుంది, పక్కనుంచి భార్య తెరేసమ్మ ఊరుకుంటేనా, ఏం లేదంటాడేంటి బాబూ, కాలివేలు నేరేడుపండులా అయిపోతే, ఈయనకి నొప్పి లేదంట, పెళ్లాం తిట్టినా నొప్పి తెలియని మనిషికి వేలొక లెక్కా, వరసలో కూచున్నవాళ్లు నవ్వారు, నవ్వండి, మీకేం, గట్టు మీద వెంకటప్పయ్య గారు అన్న మాట మీరు విన్నారా, నీ నడక చూస్తే అనుమానంగా ఉందిరా దాసూ, ఆదివారం డాక్టర్లకి చూపించుకో, బాగుందంటే కౌలు నీకే, లేదంటే సోమవారం ఇంకోడికి ఇచ్చేస్తా, చేను బీడు పెట్టుకోలేను కదా.

కళ్లు మూసుకోండంకుల్, ఈ సన్న తీగ పాదానికి తగిలినప్పుడల్లా ఆఁ అనండి, మూసుకున్నాడు, ఏమీ తెలియట్లేదు, మోకాలి కింద గాలి ఉన్నట్టుంది, గమ్మునుంటే అనుమానం వస్తుంది, చేను పోతుంది, ఆఁ అన్నాడు, కాసేపాగి ఆఁ, మరోసారి గట్టిగా ఆఁ, కళ్లు తెరిస్తే కుర్రాడి చెయ్యి తీగతో సహా బల్ల మీదే ఉంది, నేనింకా మొదలే పెట్టలేదండీ అన్నాడు, ఆ గొంతులో కాస్త వెటకారమున్నా బాగుండేది.

ఈసారి ఎవరూ నవ్వలేదు, మీ మిషన్ని నమ్మకు బాబూ, ఈయన పస్తుండి వస్తాడు అని తెరేసమ్మ మొత్తుకుంది, కుర్రాడు పరుగున పోయి పెద్ద డాక్టరుని తెచ్చాడు, ఆయన వంగి చూసి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి పక్క బల్లకి పోయాడు, మిగిలింది మళ్లీ కుర్రాడే, ఇక్కడ కట్టుగుడ్డా మాత్రలే ఉన్నాయంకుల్, ఇవాళే పెద్దాసుపత్రికి పోవాలి, వేలు తీసేస్తారు, పాదం నిలిస్తే అదృష్టం, మా వ్యానులోనే తీసుకెళ్తాం, వాడే కింద కూచుని కట్టు కడుతున్నాడు, ఒక్కసారి అను బాబూ, వెరీ గుడ్ అని, సోమవారం గడవనీ, నోటిదాకా వచ్చింది, ఆ మొహం చూసి మింగేశాడు, వాడి చేతిలో మాత్రం ఏముంది.

వ్యాను కాలవగట్టు ఎక్కింది, తెరేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కిటికీలోంచి చూస్తోంది, ఎండలో ఆరిన గింజ నిజంగానే ఆరుతుంది, బస్తాకెత్తినా అలాగే ఉంటుంది, తను మాత్రం ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూచోగానే మళ్లీ తడి గింజే, నెలనెలా, ఆ పిల్ల తను చూపించిందే చూసింది, దాన్నే మెచ్చుకుంది, ఇంకెవర్ని తిట్టాలి, ఎడం పక్క వెంకటప్పయ్య గారి చేను వచ్చింది, అప్పుడే నీళ్లు పెట్టారు, దమ్ము దున్నడానికి తయారుగా మెరుస్తోంది, ఆ బురదలో దిగడానికి నేల తెలిసే పాదం కావాలి, రేపు ఇంకొకడి పాదం దిగుతుంది, పోయింది, కాలవ కింద ఎకరం డెబ్బై సెంట్లు.