యాభై ఏడు క్రెడిట్లకు పన్నా ఎంత?

ఆ రోజు కుట్టుశాలలో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయి కాదు, కత్తెరక్కకు తను కొత్తగా చేరిన డిగ్రీ కాలేజీ నుంచి ఉత్తరం వచ్చి. ఆసుపత్రి యూనిఫారాలు కత్తిరించడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి ఆమెకు ఆ పేరు. "మీరు సాయంకాలపు కళాశాలలో సంపాదించిన యాభై ఏడు క్రెడిట్లను అంగీకరించడమైనది" అని ఉంది ఉత్తరంలో. పంతొమ్మిది సబ్జెక్టులు, ఒక్కోదానికి మూడు క్రెడిట్లు. పగలంతా గుడ్డ కోసి, సాయంత్రం పాఠాలు విని నాలుగేళ్ళలో కూడబెట్టుకున్న చదువు. డిగ్రీకి కావలసినవి నూట ఇరవై. అంటే దాదాపు సగం దారి నడిచేసినట్టే! అందరూ చప్పట్లు కొట్టారు. బొత్తాలు కుట్టే పిన్ని అయితే కళ్ళు కూడా తుడుచుకుంది.

చదివే పెద్దలారా, మోసం ఆ ఉత్తరంలోనే ఉంది. ఆ మాట ఘాటుగా ఉందనిపిస్తే ఇంకో మాట మీరే వెతకండి, నాకైతే దొరకలేదు.

కత్తెరక్క ఈ డిగ్రీ సరదాకి చదవడం లేదు. కుట్టుశాలకు ఆనుకుని ఉన్న శిక్షణ కేంద్రంలో మూడేళ్ళుగా రోజూ గంటన్నరసేపు కొత్తవాళ్ళకు కటింగ్ నేర్పుతోంది. ఆ గంటన్నరే ఆమెకు ప్రాణం. రెండేళ్ళలోగా డిగ్రీ తెచ్చుకోనివాళ్ళు పాఠాలు చెప్పడానికి వీల్లేదని ఈమధ్యే రూలు పెట్టారు. పనిచేస్తూ చదివేవాళ్ళను కాలేజీవారు ఏడాదికి ముప్పై మూడు క్రెడిట్లకు మించి చదవనివ్వరు. రెండేళ్ళకు అరవై ఆరు. తనకు మిగిలినవి అరవై మూడే గనక గట్టెక్కినట్టే అనుకుంది పాపం.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి కాలేజీ కౌంటరు ముందు నిలబడింది. గుమాస్తా ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు. తల ఎత్తకుండానే ఒక కాగితం తోశాడు.

"ఇంకా తొంభై మూడు క్రెడిట్లు చెయ్యాలమ్మా."

"అరవై మూడు కదా సార్? యాభై ఏడూ అంగీకరించామని రాశారుగా?"

"అంగీకరించాం. కానీ మీ డిగ్రీ ప్లాన్‌లో, అదే చదవాల్సిన సబ్జెక్టుల జాబితాలో, పట్టేవి ఇరవై ఏడే. మిగతా ముప్పై 'ఇతరములు' కింద పడ్డాయి. రికార్డులో ఉంటాయి, డిగ్రీ లెక్కలోకి రావు."

"ఏ ప్లాన్ సార్? నేనే ప్లానూ అడగలేదే?"

"మీరు దరఖాస్తులో ఏదీ రాయలేదు కదా, జనరల్ మేనేజ్‌మెంట్‌లో వేశాను. పనిచేసుకుంటూ వచ్చేవాళ్ళందరినీ అందులోనే వేస్తాం. పక్కకు జరగండి, లైను ఆగిపోతోంది."

ఆమె పక్కకు జరిగింది. వెనక నిలబడ్డ ముసలి వాచ్‌మన్ చేతిలోనూ అలాంటి ఉత్తరమే ఉంది. ఆయనకూ అదే జవాబు. ఆయన "సరే బాబూ" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ "సరే" వింటుంటే కత్తెరక్క ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని చెప్పను? ముందు తన మీదే. తను కూడా నోరు మూసుకుని పక్కకు జరిగిన మనిషే కదా!

ఇంట్లో భర్త, బస్సు డ్రైవరు, తోచిన ఓదార్పు చెప్పాడు. "పోనీలే, చదివిన చదువు ఎక్కడికి పోతుంది? ఇంకో ఏడాది ఎక్కువ చదువుతావు, అంతే."

"ఏడాది ఎక్కువైతే నా పిల్లలు పోతారయ్యా!" అని కసిరింది. శిక్షణ కేంద్రంలో తన దగ్గర నేర్చుకునేవాళ్ళను ఆమె పిల్లలనే అంటుంది, వాళ్ళలో తనకంటే పెద్దవాళ్ళున్నా సరే. "అదలా ఉంచు. ఆ ముప్పై క్రెడిట్లకు కూర్చుని చదివింది నేను. వాటిని చెత్తబుట్టలో వెయ్యడానికి అతనెవరు?"

మర్నాడు పనిలో కొత్త గుడ్డ తాను విప్పుతుంటే ఆమె చెయ్యి ఠక్కున ఆగింది. పనిలో చేరిన కొత్తలో ఒకసారి గుడ్డ పొడవు మాత్రమే కొలిచి, పన్నా, అంటే గుడ్డ వెడల్పు, చూడకుండా నలభై డాక్టరు కోట్లకు కత్తెర పెట్టేసింది. పొడవు సరిపోయింది, చేతులకే గుడ్డ రాలేదు. నలభై కోట్లు చేతుల్లేకుండా మిగిలాయి. "పొడవు చూసి మురిశావు, పన్నా మీ తాత చూస్తాడా?" అని మాస్టరు చెడామడా తిట్టాడు. యాభై ఏడు అన్న అంకె చూసి తను మళ్ళీ అలాగే మురిసింది. ఏ గుడ్డకైనా పేపర్ కటింగ్ పరిచి చూసుకున్నాకే కత్తెర పెట్టాలని పిల్లలకు రోజూ చెప్పే మనిషి!

అంతే, ఆ మధ్యాహ్నం కాలేజీకి వెళ్ళి డిగ్రీ ప్లాన్లన్నీ అడిగి తెచ్చుకుంది. మొత్తం పదకొండు. ఆదివారం ఖాళీగా ఉన్న కటింగ్ టేబుల్ మీద ఒక్కో ప్లాన్‌కి ఒక్కో ఖాకీ కాగితం పరిచి, సుద్దతో గళ్ళు గీసింది, ఒక్కో గడికి ఆ డిగ్రీ అడిగే ఒక్కో సబ్జెక్టు. తన పంతొమ్మిది సబ్జెక్టులనూ పంతొమ్మిది ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ప్లాన్ మీద పేర్చి చూసింది. మేనేజ్‌మెంట్‌లో తొమ్మిది ముక్కలే కూర్చున్నాయి. వస్త్ర సాంకేతికంలో పద్నాలుగు. వృత్తి విద్యా బోధన అనే ప్లాన్‌లో పదిహేడు! ఓరి నాయనో అని గట్టిగా అరిచింది, ఖాళీ షెడ్డులో. తను రోజూ చేసే పనికి ఒక డిగ్రీ ఉంది, దాని పేరు కూడా ఎవరూ తనకు చెప్పలేదు.

పదిహేడంటే యాభై ఒకటి. ఇంకా అరవై తొమ్మిది మిగిలాయి, రెండేళ్ళలో పట్టే అరవై ఆరు కంటే మూడు ఎక్కువ. బయట మిగిలిన రెండు ముక్కల్లో ఒకటి కొలతల గణితం, ఒకటి నమూనా చిత్రణ. వాటిలో ఒక్కటైనా పట్టాలి.

బుధవారం మళ్ళీ కౌంటరు. లైనులో వాచ్‌మన్ కూడా ఉన్నాడు, ఫీజు కట్టడానికి వచ్చాడట. పదేళ్ళు కాపలా కాస్తూ చదివానని మాటల్లో చెప్పాడు.

"ప్లాన్ మారుస్తానమ్మా, దానికేం. గణితం మాత్రం కుదరదు. మా దగ్గర 'అనువర్తిత గణితం' అని ఉంది. మీది వేరే పేరు" అన్నాడు గుమాస్తా.

కత్తెరక్క సంచిలోంచి తను చదివిన కోర్సుదీ, వాళ్ళ కోర్సుదీ రెండు పాఠాల జాబితాలు తీసి పక్కపక్కన పెట్టింది. "పేరొదిలెయ్ నాయనా, పాఠాలు చూడు. పద్నాలుగులో పన్నెండు ఒకటే."

ఆ సోమవారం "సార్" అన్న నోరే ఇది. అతను గమనించాడు.

"రూల్సు ఒప్పుకోవమ్మా."

"అలాగా. అయితే ఏ రూలు ఒప్పుకోదో, ఎందుకు ఒప్పుకోదో కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు. తీసుకుని వెళ్ళిపోతా."

గుమాస్తా కలం తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. లేని రూలు ఎలా రాస్తాడు? వెనక లైను గొణగడం మొదలుపెట్టింది. "జరగండమ్మా, మాకూ పనులున్నాయి" అన్నారెవరో. కత్తెరక్క కదల్లేదు. మొన్న పక్కకు జరిగినందుకు మూల్యం తెలిసింది ఆమెకు.

గోల విని లోపలి గదిలోంచి రిజిస్ట్రారు మేడమ్ వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని రెండు జాబితాలూ ఆసాంతం చదివింది. "గణితం ఇవ్వాల్సిందే" అంది. "చిత్రణ ఇవ్వలేను. మా కోర్సులో కంప్యూటర్ మీద గీయడం సగం ఉంది, మీ దాంట్లో లేదు. కారణం రాసిస్తాను."

"రాసివ్వండి మేడమ్. కారణం చెప్పి కాదంటే నాకేం బాధ లేదు."

ఇంక అరవై ఆరు. సరిగ్గా రెండేళ్ళు. కత్తెరక్క జాబితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"హమ్మయ్య, ఇక మీ పని అయిపోయింది" అన్నాడు గుమాస్తా.

"నాది అయింది. ఈయనది?" అని వెనక్కి తిరిగి వాచ్‌మన్ భుజం పట్టుకుని ముందుకు లాగింది. "బాబాయ్, ఆ మడిచిన కాగితం తియ్యి."

"నాకెందుకులే తల్లీ, సరేనన్నాను కదా" అని ఆయన వెనకడుగు వేశాడు.

"ఆ సరే వల్లే వీళ్ళిలా తయారయ్యారు! మేడమ్, ఈయన పదేళ్ళు కాపలా కాస్తూ చదువుకున్నాడు. పదకొండు ప్లాన్లుంటే ఒక్కదాంట్లోనే వేసి చూశారు. మిగతా పదింటిలో ఎన్ని పడతాయో ఎవరైనా చూశారా? పనిచేసుకునే మనిషి కదా, ఎక్కడ పడేసినా నోరెత్తడనేగా?"

"ప్లాన్లన్నీ బయటికి తియ్యి" అంది మేడమ్ గుమాస్తాతో. గుమాస్తా తల దించుకుని ఒక్కొక్క ప్లానూ తీసి కౌంటరు మీద పెట్టసాగాడు. కత్తెరక్క సంచిలోంచి కత్తెర, ఖాకీ కాగితం తీసింది. గొణుగుతున్న లైనంతా దగ్గరకు జరిగి మెడలు చాచింది. నాలుగో ప్లాన్ దగ్గర వాచ్‌మన్ తన సబ్జెక్టులు తనే పేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆరో ప్లాన్ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ముక్కలన్నీ గళ్ళలో కూర్చున్నాయి, ఒక్కటే బయట ఉంది.

ఆయన ఆ ఒక్క ముక్కను వేళ్ళ మధ్య పట్టుకుని గుమాస్తా కళ్ళలోకి చూశాడు. "బాబూ, ఇదెందుకు పట్టదో రాసివ్వు."

కత్తెరక్క లైను వైపు తిరిగి అందరికీ వినపడేలా అంది: "విన్నారుగా! 'అంగీకరించాం' అనగానే మురిసిపోయి ఇంటికెళ్ళకండి. ఎక్కడ లెక్కపెట్టారో చూపించమని అడగండి, చూపించేదాకా కదలకండి. చదివింది మనం, జవాబు చెప్పాల్సింది వాళ్ళు!"