గొట్టంలో మిగిలిన మందు

భీమడోలు హైస్కూల్లో సైన్సు చెప్పే మెర్సీకి వారం రోజులుగా ఒకటే ధ్యాస. తాత ఎలీయాజరు తుపాకీలో ఏముంది? తాత పోయి నలభై రోజులైంది. సోమవారం ఆ తుపాకీని స్టేషన్లో అప్పగించాలి, ఖాళీ చేసి మరీ తెమ్మన్నారు.

అది మూతిలోంచి మందు పోసి, కడ్డీతో దట్టించి, వెనక చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే పాతకాలపు సరుకు. దాంతో తాత కొల్లేట్లో కొట్టని పిట్ట లేదు. ఒకనాడు ఏం బుద్ధి పుట్టిందో, ఇక పిట్టని చంపనని చర్చిలో అందరి ముందూ ప్రమాణం చేశాడు. తీరా చూస్తే మరుసటేడే కొల్లేటికోటలో చేపల చెరువుకి కాపలా కుదిరాడు! కేరేజీ పట్టుకెళ్ళిన మామ్మ హన్నమ్మ గట్టెక్కుతుండగానే తుపాకీ ఢామ్మంది. నీటికాకులు గుంపుగా లేచాయి. “ఉత్త చప్పుడేనే, గుళ్ళు వెయ్యలేదు,” అన్నాడు తాత. మామ్మ వింటేనా? తిన్నగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పేసింది. అంతే, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకి తాతని దూరం పెట్టారు. పదకొండేళ్ళు, పోయేదాకా.

తాడేపల్లిగూడెం నుంచి తుపాకులు బాగుచేసే భీమశంకరం వచ్చాడు. టోపీ లేదని చూసుకుని, కడ్డీని గొట్టంలోకి దింపి, మూతి దగ్గర వేలితో గుర్తు పట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించాడు. నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది.

“దట్టించే ఉందండీ,” అన్నాడు.

“గుళ్ళున్నాయా?” మామ్మ కుర్చీలోంచి లేచింది. “ఉంటే చెప్పెయ్యండి, దాచకండి. మా ఆయన దేవుడి ముందు మాట తప్పాడో లేదో నాకు తెలియాలి.”

ఇంతసేపూ ఉబలాటపడిన మెర్సీకి ఇప్పుడు భయం పట్టుకుంది. ఎందుకొచ్చిన ఆరా, దేవుడా, అనుకుంది.

భీమశంకరం గొట్టంలో నీళ్ళు పోసి మందు నాననిచ్చాడు. కడ్డీ చివర మెలి ముల్లు బిగించి తిప్పి లాగాడు. కొబ్బరిపీచు ఉండ ఊడొచ్చింది.

“గుళ్ళుంటే దీని కిందే ఉంటాయండీ,” అంటూ గొట్టాన్ని పేపరు మీద వంచాడు. నల్లటి నీళ్ళు కారాయి. మెర్సీ ఆ తడిమందంతా వేళ్ళతో చిదిమి చూసింది. ఒక్క సీసపు గుండైనా తగల్లేదు.

“పీచు కింద నేరుగా మందేనండీ. ఇది పిట్టల్ని బెదరగొట్టడానికే గాని చంపడానికి కాదు,” అన్నాడు భీమశంకరం.

మెర్సీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. “చూశావా మామ్మా, తాత నిజమే చెప్పాడు!”

మామ్మ పేపరు మీది నల్లటి ముద్దకేసి చాలాసేపు చూసింది.

“పాస్టరుగారికి ఫోన్ చెయ్యవే,” అంది చివరికి. “ఈ ఆదివారం నుంచి బల్ల నాకు ఇవ్వొద్దని చెప్పు.”