పగటి వాటా

ఆయన పోయిన రోజే రిమోట్ కూడా పోయింది, ఇంటినిండా జనం, ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎవరు ఏది జరిపారో, వెతికే ఓపికా లేదు అవసరమూ లేదు, ఇవాళ థర్మామీటర్ కోసం అల్మరా అంతా తిరగేస్తే దిండు గలీబుల మధ్య రిమోట్ దొరికింది, ఏ మహాతల్లి సర్దిందో, థర్మామీటర్ మాత్రం దొరకలేదు, అయినా ఒళ్లు పెనంలా కాలుతోందని వేరే చెప్పాలా, సెలవు కావాలని ఫోన్ చేస్తే పడుకోండి టీచర్ గారూ, ఎనిమిదో తరగతి లెక్కలు నేను చూసుకుంటానుగా అంది హెడ్‌మిస్ట్రెస్, ఆవిడ చెప్పిన లెక్కలు పిల్లల చేత మరిపించడానికి తనకు వారం పడుతుంది, సరే, దుప్పటి మెడదాకా లాక్కుని సోఫాలో ఒరిగి టీవీ పెట్టింది, ఆ బేకరీ వాళ్ల సీరియల్, ఆయన ఆసుపత్రిలో చేరేముందు ఇద్దరూ ఆరో భాగం దగ్గర ఆపింది, బేకరీ పెద్దకొడుకు కనబడకుండా పోతాడు, వాడెక్కడికీ పోలేదోయ్, పిండి బస్తాల వెనక దాక్కున్నాడు అని ప్రతిసారీ ఆయన పందెం, భాగం మొదలయ్యేముందు ఏం జరుగుతుందో ఆయన చెప్పాలి, అయ్యాక తను పదికి మార్కులు వెయ్యాలి, రెండు, అదీ చేతిరాతకి, అంటే ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు, పంతులమ్మను కట్టుకున్నందుకు ఇంట్లో కూడా పరీక్షలే అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, ఒకళ్లు లేకుండా ఒకళ్లు చూడకూడదని కదా ఒప్పందం, మరి చూసినంత మేరా పడే ఈ ఎర్రగీత ఏమిటి, ఏడు కింద నిండుగా, ఎనిమిది కింద నిండుగా, తొమ్మిది కింద కూడా, పది ఒక్కటే ఖాళీ.

ఎవరు చూశారు, ఈ ఇంట్లో ఇంకెవరున్నారు గనక, ఆడపడుచుకు ఆయన పాస్‌వర్డ్ ఇచ్చాడని గుర్తొచ్చేసరికి చెయ్యి దానంతటదే ఫోన్ అందుకుంది, అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది, ఏంటి వదినా ఈ వేళప్పుడు, బడికి పోలేదా, గొంతు అలా ఉందేంటి, గొంతు సంగతి తర్వాత, ఆ బేకరీ వాళ్లది నువ్వు చూశావా అని అడిగింది, అడిగాక తన గొంతులో బెత్తం తనకే వినబడింది, అన్నయ్యే పెట్టమన్నాడు వదినా, ఆసుపత్రిలో, నా ఫోన్‌లో, పక్క మంచం ఆయన విసుక్కుంటాడని ఒక చెవిలో అన్నయ్యకి, ఒక చెవిలో నాకు, వైరు పొట్టిదిగా, తలా తలా ఆనించుకుని చూశాం, కోతుల్లా ఉన్నారు మీరిద్దరూ అని నర్సమ్మ ఒకటే నవ్వు, పదోది కూడా పెట్టబోతే వద్దే, మీ వదిన నా తోలు తీస్తుంది అన్నాడు, అప్పటికీ నేనే నయం, ఒంట్లో బాలేనివాడని మార్కులు బాగానే వేశాను, మార్కులా, ఆ, మార్కులే, చిన్నప్పుడు రేడియో నాటకం వచ్చినప్పటినుంచీ అంతేగా, తర్వాతేమవుతుందో అన్నయ్య చెప్పాలి, నేను వెయ్యాలి, అప్పట్లో ఎప్పుడూ సున్నాయే, మీకు చెప్పలేదా వదినా, పొయ్యి మీద పాలున్నాయమ్మా అని తనే ఫోన్ పెట్టేసింది, పొయ్యి మీద పాలూ లేవు నీళ్లూ లేవు.

చెప్పలేదు, ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారీ చెప్పలేదు, తను టీచర్ గనక తనకోసం పుట్టించిన ఆట అనుకుంది, తీరా చూస్తే చెల్లెలికి పొట్టయిన గౌను తీసి తనకు తొడిగినట్టు, ఇంత వయసొచ్చి ఈ కుళ్లేమిటి, పోయిన మనిషి దగ్గర వాటా ఏమిటి, అయినా వాటాలు ఎవరు వేశారు, పగలు చెల్లెలు, రాత్రి భార్య అని ఆసుపత్రి వరండాలో నిలబడి అనుకున్నదేగా, బడిలో పరీక్షలని తనే ఒప్పుకున్నదేగా, సాయంత్రం తను వెళ్లేసరికి మందులిచ్చేసేవాళ్లు, వచ్చావా అనేవాడు, అంతే, కళ్లు మూతపడేవి, పగలంతా మాట్లాడిన మనిషి, నవ్విన మనిషి, తలానించుకుని పందాలు కాసిన మనిషి ఆ అమ్మాయికి దక్కాడు, తనకు దక్కింది ఆయన నిద్ర, ఏడోది పెట్టింది, ఎనిమిదోది పెట్టింది, కథ ఎవడిక్కావాలి, ఎక్కడ నవ్వి ఉంటాడు, ఇక్కడా, బేకరీ ముసలాయన రొట్టె మాడ్చి పిల్లి మీదకు తోసినప్పుడా, అవును ఇక్కడే, ఇక్కడ ఆయన ఆగలేడు, ఆ నవ్వు ఆ అమ్మాయి చెంపకు తగిలి ఉంటుంది, జ్వరం కళ్లలోకి ఎక్కింది, తొమ్మిదోది అయిపోయి పదోది దానంతటదే మొదలవబోతుంటే గబుక్కున ఆపేసింది, ఇదొక్కటీ నాది, నాకోసం ఆపాడు, నీకు పెట్టనివ్వలేదు, చూశావా, అని ఖాళీ గదిలో పైకే అనేసింది.

అన్నాక గెలిచినట్టేమీ అనిపించలేదు, వద్దే అన్నాడట, ఆ పిల్ల తెరిచిన ఫోన్ మూసేసి ఉంటుంది, వైరు చుట్టి సంచిలో పెట్టుకుని ఉంటుంది, కథ ఏమైందో దానికీ తెలియదు, కావాలంటే ఇంటికెళ్లి చూడొచ్చు, పాస్‌వర్డ్ ఉంది, ఇన్నాళ్లయినా చూడలేదు, ఎవరు ఆపారు, ఆయన లేడు, తను వద్దనైనా అనలేదు, పరామర్శకు వచ్చినవాళ్లంతా ఈ సోఫా చుట్టూ చేరి తన చెయ్యే పట్టుకున్నారు, ఎలా ఉన్నావమ్మా, ధైర్యంగా ఉండమ్మా, ఆ పిల్లేమో వంటింట్లో గ్లాసులు కడుగుతోంది, ఎవరో పిలిచి ఇంకో నాలుగు కాఫీలు పెట్టమ్మా అంటే అలాగే అని పొయ్యి వెలిగించింది, తనకు ఆయన పెళ్లయిన నాటి నుంచి తెలుసు, దానికి ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు, ఇందాక ఫోన్‌లో కూడా ముందుగా తన గొంతు గురించే అడిగింది, అన్నయ్య అన్నయ్య అని ఎన్నిసార్లు అంది, ఆ మాట అనడానికి దానికి ఇప్పుడు ఎవరున్నారు, దుప్పటి పక్కకు తోసి లేచి కూర్చుంది, పంచుకోవలసిన చోట ఎగబడి లాక్కుంటున్నానా అనుకుంది, టీవీ తెర మీద బేకరీ తలుపు మూసే ఉంది, ఫోన్ ఒళ్లోనే ఉంది, ఆయన పోయిన తర్వాత ఆ పిల్లను ఎలా ఉన్నావని తను ఇంతవరకూ ఒక్కసారైనా అడగలేదు.