రీటా కొవాచ్ పెరట్లోకి వచ్చిన తరగతి గది

ఒక్క ప్రశ్న అడుగుతాను, పక్కకు చూడకుండా జవాబు చెప్పండి. బడిని చంపేది ఎవరు? మూసేయమని సంతకం పెట్టినవాడా, పిల్లల్ని పంపడం మానేసి మూతపడిన రోజున ముక్కు చీదేవాళ్లా?

హార్లన్ హైట్స్‌లో రీటా కొవాచ్ ముప్పై తొమ్మిదేళ్లుగా ఏడుంపావుకల్లా ఒకటో తరగతి తలుపు తీస్తోంది. నల్లబల్ల తడిగుడ్డతో తుడిచి తేదీ వేస్తుంది. బడి ఉన్న రోజుల్లో తర్వాత వరండాలోకి వచ్చి గదులెన్ని ఉన్నాయో చూసుకునేది.

చూసుకోవాలి మరి. ఉక్కు మిల్లు జనం నగరం వదిలి ఈ బంగాళాదుంప చేలల్లో ఇళ్లు వేసుకున్నప్పుడు సెయింట్ కాసిమిర్ బడికి కట్టినవి నాలుగే గదులు. మిగతావి వాటంతటవే వచ్చాయి. గుడిలో ఓ నలభైమంది బిడ్డలకు జ్ఞానస్నానాలయ్యేసరికి, ఏదో సోమవారం పొద్దున వరండా చివర కొత్త గది ఉండేది, గోడమీద శిలువతో సహా. సిస్టర్లు దేవుడికి దండం పెట్టి బల్లలు తెప్పించుకునేవారు. రీటా చదువుకునేనాటికి పద్దెనిమిది గదులు, గదికి యాభైమంది.

తర్వాత సిస్టర్లు ముసలివాళ్లై మఠానికి వెళ్లిపోయారు. ప్రభుత్వ బడివాళ్లు ఈతకొలను తవ్వి పిల్లల్ని అటు లాక్కున్నారు. వచ్చిన గదులు వచ్చినట్టే పోసాగాయి. గదులు తుడిచే గస్ మాత్రం సంతోషించాడు, "పోనీలెండి మిస్, నా నడుముకి విశ్రాంతి" అని.

మూడు గదులు మిగిలిన ఏడాది మార్చిలో బిషప్ గారి కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మే నెలాఖరుకి ముప్పైమంది కొత్తవాళ్లు చేరకపోతే బడి మూత.

ఈస్టర్‌కి ముందు మాంసం ముట్టని శ్రమదినాల్లో ఒక శుక్రవారం, గుడి కింద హాల్లో అందరూ వేయించిన చేప తింటుంటే రీటా బల్లబల్లకూ తిరిగింది.

"ట్రేసీ, మీ చిన్నది ఈసారి ఒకటో తరగతి కదూ?"

"అయ్యో మిస్ కొవాచ్, నేను మీ దగ్గరే చదివానండీ! ఈ బడంటే నాకు ప్రాణం."

"నీ ప్రాణం సరేనమ్మా, నీ పిల్ల మాటేమిటి?"

"దానికి ఈతంటే ఇష్టమండీ."

చేప వేయిస్తున్న లొరెట్టా, రీటా పక్కింటావిడ, గరిటె ఆపింది. "స్వర్గానికి కూడా ఈదుకుంటూ పోతుందిలే!"

ఆ లొరెట్టాయే ఉపాయం చెప్పింది. ఇల్లు అమ్ముడుపోకపోతే సెయింట్ జోసెఫ్ బొమ్మను పెరట్లో తలకిందులుగా పాతడం అక్కడ అందరూ చేసే పనే. బడి చుట్టూ పద్నాలుగిళ్లు అమ్మకపు బోర్డులతో పడున్నాయి. అవి పోతే పిల్లలున్నవాళ్లు వస్తారు.

"పద్నాలుగు చోట్ల ఏం తవ్వుతామే, నా మోకాళ్లు ఎప్పుడో చచ్చాయి," అంది లొరెట్టా. "నడిమధ్యన బడి ఆవరణలో ఒక్కటి పాతితే చాలదూ?"

రీటాయే పార పట్టింది. తనను ఏ నేలలో పాతితే జోసెఫ్ ఆ నేలనే అమ్మిపెడతాడన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

తొమ్మిదో రోజున బేరం వచ్చింది, ఇళ్లకి కాదు, బడి స్థలానికి. సామాన్లు దాచుకునే గోదాములు కడతారట. గుడి చూసుకునే ఫాదర్ డోనెల్లీ మట్టంటిన బొమ్మ చేత్తో పట్టుకుని, "పాతేముందు నన్నొక్క మాట అడగొద్దటమ్మా!" అన్నాడు. రీటా బొమ్మ అందుకుని మట్టి తుడిచింది. బడికి పిల్లల పేర్లిచ్చినవాళ్లు మాత్రం ఇద్దరే. బొమ్మ పాతకపోయినా అంతే అయ్యేది. ఆ మాట ఎవరు చెప్పినా ఆమె వినలేదు.

జూన్‌లో బడి కూల్చే యంత్రాలొచ్చేసరికి గోడలే ఉన్నాయి, లోపల గది లేదు.

ఫ్లోరిడాలో ఉన్న చెల్లెలు వచ్చేయమంది. రీటా పెట్టె సర్దింది. బయల్దేరే పొద్దున వంటింటి వెనక తలుపు తీస్తే, మెట్లుండాల్సిన చోట ఒకటో తరగతి ఉంది. నల్లబల్ల, శిలువ, పదకొండు బల్లలు.

"నీ దగ్గరికొచ్చిందా?" అంది లొరెట్టా కంచె మీదుగా. "మంచిదే. నా వైపొస్తే టమాటాలు పోయేవి."

రీటా పెట్టె కింద పెట్టి చెల్లెలికి ఫోన్ చేసింది.

"రాలేనే. గది వచ్చింది."

"ఓహ్. అయితే ఇంక కుదరదులే."

అప్పటినుంచి నాలుగేళ్లు. రోజూ ఏడుంపావుకి తలుపు తీస్తుంది, తేదీ వేస్తుంది, మూడింటికి తుడిచేస్తుంది. ఆమెకది శిక్షో, ఉద్యోగమో అడిగినవాళ్లు లేరు. ఒక్క పిల్లా రాలేదు. బల్లలు తగ్గుతున్నాయి. పోయిన సోమవారానికి నాలుగే ఉన్నాయి.

అందుకే అడుగుతున్నాను. జాలిపడి ఇంటికి పోకండి. మీ పిల్ల చెయ్యి పట్టుకుని రేపు ఆ పెరటి తలుపు కొట్టండి. పిల్ల లేకపోతే మీరే వెళ్లండి. బల్ల చిన్నది, మోకాళ్లు పట్టవు. అయినా కూర్చోండి. ఆమె మీ పేరు పిలిచినప్పుడు "ఉన్నాను మిస్" అనండి.