జలపతి తలకు రంగు

మా ఆయన జలపతికి యాభై నిండకముందే తల ముగ్గుబుట్ట అయింది. ఇరవై ఏళ్లకు పైగా దుబాయిలో ఇళ్లు కట్టి, కంపెనీ మూతబడి రుద్రంగికి తిరిగొచ్చేసరికి నల్ల వెంట్రుక ఒక్కటీ మిగల్లేదు. కానీ ఆ తెల్లతలకు ఊళ్లో దొరికిన మర్యాద చూడాలి! పెళ్లికి పోతే ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇస్తారు. అన్నదమ్ములు పొలం గెట్టు కాడ కొట్టుకుంటే "జలపతి మామను రానియ్యిండ్రి" అంటారు. ఆయన రెండు మాటలు చెప్పగానే గొడవ చల్లారుతుంది. ఆ రెండింటిలో ఒకటి నేను ఇంట్లో చెప్పి పంపిందే అని ఎవరికీ తెలియదు.

దీనికి కుళ్లి చచ్చేవాడు మా అన్న పరశురాములు. మా ఆయన కంటే నాలుగేళ్లు పెద్దే, తల మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది.

"నా ఎంటికలకు ఏం రోగమే చెల్లె? ఒక్కటన్న తెల్లబడది. మొన్న పెండ్లిల నాకన్న చిన్నోడు బావ కుర్సీల కూసున్నడు. నన్నేమో బంతిల నీళ్లు పొయ్యుమన్నరు!" అని మొత్తుకున్నాడు.

"నా మొగుని తలకు దిష్టి పెట్టకు అన్నా" అని కసిరాను. లోపల మాత్రం సంబరమే.

ఇంత మర్యాద ఉన్న తల మీద కోరుట్ల ఏజెంటు కన్ను పడింది. మస్కట్‌లో కొత్త కంపెనీ ఉందని, సోమవారం జగిత్యాలలో ఇంటర్వ్యూ అని చెప్పి, "ముసలోళ్లను తీస్కోరు, తలకు రంగేస్కొని రా" అన్నాడట. మా ఆయన వస్తూ వస్తూ రంగు ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. దాన్ని నేను ముట్టను కూడా ముట్టలేదు.

ఇక్కడ పని లేక పోతున్నాడా అంటే అదీ కాదు. కోరుట్లలో ఇళ్లు కట్టించే ముత్తయ్య "మా కాడ మేస్త్రిగ ఉండు, నీ తల జూస్తెనే పోరగాళ్లు మాట ఇంటరు" అని బతిమాలుతున్నాడు. ఈయనకు నామోషీ! దుబాయిలో ఫోర్‌మన్ చేసినవాడు కోరుట్లలో గోడలు కట్టిస్తే నలుగురూ నవ్వుతారట. ఆ నలుగురు ఎవరో నేనింతవరకు చూడలేదు.

ఆదివారం అద్దం ముందు కూర్చొని, "ఎన్కకు నాకందుతలేదు, జెర నువ్వు పెట్టవే" అన్నాడు. నేను బీడీల చాట ఒళ్లో పెట్టుకొని ఉన్నాను.

"నా చేతులకు తంబాకున్నది. నీ ఏజెంటును పెట్టుమను" అన్నాను.

చివరికి డిగ్రీ చదివే మా బిడ్డ అక్షిత పాత బ్రష్షుతో పూసింది. కాసేపయ్యాక తల కడుక్కొని వస్తే ఏం చెప్పను, అచ్చం పెళ్లినాటి మొఖం. దాచుకోవడమెందుకు, బాగున్నాడు. అందుకే నాకు ఇంకా మండింది.

"బాపూ, హీరో లెక్కున్నవ్!" అని అక్షిత చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది. చాట పక్కకు తోసేశాను.

"గీ మొఖం నేనెన్ని దినాలు జూసిన? పెండ్లయిన మూడు నెలలకే పోతివి. అచ్చుడు, పోవుడు, గదే బతుకాయె. నల్ల ఎంటికలన్నీ దుబాయోనికిచ్చినవ్. తెల్లయన్నా నాకియ్యవా?"

అక్షిత బ్రష్షు కడిగే నెపంతో బయటికి పోయింది. మా ఆయన తువ్వాలతో మెడ మీది రంగు తుడుచుకుంటూ, "ఒక్క రెండేండ్లే మొగిలవ్వా" అన్నాడు. రెండేళ్లు అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో నాకే తెలుసు. ఆ రాత్రి అన్నం ఆయన ముందు పెట్టి, చాట తీసుకొని వాకిట్లోకి పోయాను.

సోమవారం పొద్దున్నే పాస్‌పోర్టు సంచి భుజానికేసుకొని, ఏజెంటుతో కలిసి జగిత్యాల పోవడానికి కోరుట్ల బస్సుకు పోయాడు. నేను గడప కూడా దాటలేదు. ఆ రోజు చుట్టిన బీడీలు సగం వదులైనవే. చేతులు పనిలో ఉన్నా, ఆయన సెలెక్టు కాకూడదని కనిపించిన దేవుళ్లందరికీ మొక్కుతూనే ఉన్నాను. ఎవరేమనుకుంటే నాకేంటి!

పొద్దుగూకే వేళ వాకిట్లో మా అన్న కేక పెట్టాడు. "ఓ చెల్లె, జల్ది రా! బావను జూద్దువు రా!"

పరుగెత్తాను. మా ఆయన తల నున్నటి గుండు! దాని మీద గంధం. మా ఇళ్లల్లో మగవాడు ఉత్తపుణ్యానికి గుండు చేయించుకోడు. ఇంట్లో చావైనా కావాలి, దేవుడి మొక్కైనా ఉండాలి.

"అయ్యో, ఎవలకేమైందయ్యా?" అని అరిచాను.

"ఎవలకేం కాలే. కోరుట్ల బస్సచ్చింది, కాలు లేవలే. దాని ఎన్కనే ఎములాడ రాజన్న గుడికి పొయ్యే బస్సచ్చింది, ఎక్కి కూసున్న."

"బాపూ, దేవునికి రంగేసిన ఎంటికలిచ్చినవా?" అంది అక్షిత.

"రాజన్న ఏమనలే బిడ్డా."

మా అన్న సంతోషానికి అంతులేదు. "గుండుకు కుర్సీ ఎవ్వడియ్యడు బావా! ఇగ పెండ్లిల ఇద్దరం నిలవడుదం!"

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. "మరి మస్కటు?" అని అడిగాను.

"రేపటి సంది ముత్తయ్య పనికి పోత" అన్నాడు. తర్వాత నా వైపు సరిగ్గా చూడకుండా, గుండు గోక్కుంటూ చెప్పాడు. "నల్లయి రాజన్నకిచ్చిన. ఇగ మొలిసేటియన్నీ తెల్లయే. అన్నీ నీయే."

అన్న ముందరే, బిడ్డ ముందరే, వాకిట్లో నిలబడి ఆ గుండు మీద చెయ్యేసి నిమిరాను. సిగ్గేమీ అనిపించలేదు.